లేడీస్ క్లాసులో పెట్టిన శోకం

ఈమధ్య ఒక పెళ్లికని బాన్సువాడ వెళ్లాను. పెళ్లి ఫంక్షన్ హాల్లో. కార్డు మీద పేరు చూసి ఊరవతల ఎక్కడో కొత్తగా కట్టిందనుకున్నాను గానీ, ఆటో దిగి చూస్తే అది మా చిన్నప్పటి టాకీసు జాగాలోనే లేచింది. గులాబీ రంగు గోడలు, గుమ్మానికి ప్లాస్టిక్ పూలు, లోపల చెవులు గింగుర్లెత్తే పాటలు. టాకీసు ఆనవాలు ఒక్క ఇటుక కూడా మిగల్లేదు. అయినా భోజనాల బల్ల ముందు కూర్చున్నాక తెలిసిపోయింది, నేను కూర్చున్నది సరిగ్గా ఒకప్పటి లేడీస్ క్లాసులో. ఎట్లా అంటే, కిటికీలోంచి చూస్తే రోడ్డు అవతల మా బాపు సైకిల్ దుకాణం ఉండిన చోటు ఎదురుగా కనిపిస్తున్నది. ఇప్పుడక్కడ మొబైల్ ఫోన్ల షాపు పెట్టారు. ఆ దుకాణం గడప మీద కూర్చుని లేడీస్ గేటును చూస్తూ పెరిగినదాన్ని, ఆ సూటి నాకు తప్పదు.

నా పక్కన పెళ్లికూతురి స్నేహితురాలట, ఒక వయసు పిల్ల, ముందున్న విస్తరి ముట్టకుండా ఫోను చూసుకుంటూ కూర్చున్నది. చెవుల్లో తెల్లటి ఇయర్ ఫోన్లు. చూస్తుండగానే ఆ పిల్ల కళ్ల వెంట నీళ్లు బొటబొటా కారాయి. ఇంటి దగ్గర ఎవరికేమైందో అనుకొని, "ఏమైంది బిడ్డా?" అని భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి ఒక చెవిది తీసి, "ఏం లేదాంటీ, సినిమా. రియల్ స్టోరీ అంట, ఎండింగ్ మస్తు బాధనిపిచ్చింది" అని నవ్వింది. కాటుక చెదరకుండా కాగితంతో కళ్లద్దుకొని, వెళ్లి ఫోటోల వరుసలో నిలబడింది. ఆమె ఏడ్చిందని ఆ హాల్లో నేను తప్ప ఎవరూ ఎరగరు. ఇదే మూలలో, ఒక నిజం కథ సినిమాకు ఒక ఊరు ఊరంతా ఎట్లా ఏడ్చిందో ఆ పిల్లను కూర్చోబెట్టి చెబుదామనిపించింది. కానీ వాళ్లకు ఫోటోలకే టైము చాలడం లేదు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

మా ఇంట్లో గడియారం ఉండేది గానీ దాన్ని ఎవరూ నమ్మేవారు కాదు. టాకీసు మీది మైకే మా గడియారం. మ్యాట్నీకి ముందు దేవుడి పాట వేస్తే అమ్మ ఎసరు పెట్టేది. పాట ఆగి లోపల బెల్లు మోగితే బాపు చేతులు కడుక్కోవడానికి లేచేవాడు. రంపపు పొట్టు వేసి, సబ్బు వేసి ఎంత రుద్దినా ఆ చేతులకు పంక్చర్ల సొల్యూషన్ వాసన పోయేది కాదు. జొన్న రొట్టె తుంచి పచ్చిపులుసులో ముంచి ఆయన నా నోట్లో పెట్టే ముద్దకు కూడా రబ్బరు వాసనే. ఇప్పటికీ ఎక్కడైనా సైకిల్ ట్యూబు అతికిస్తుంటే నాకు ఆకలేస్తుంది, చెబితే నవ్వుతారు. దుకాణం ముందు వరుసగా కిరాయి సైకిళ్లు, పక్కన నీళ్ల తొట్టి. ట్యూబును తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తున్నప్పుడు ఎవరు పలకరించినా బాపు పలికేవాడు కాదు. మామూలప్పుడు కూడా పెద్దగా పలికే మనిషి కాదనుకోండి.

టాకీసులో నేల, బెంచి, కుర్చీ ఒక వైపు. నడుము ఎత్తు గోడ కట్టి ఇటువైపు లేడీస్ క్లాసు. దాని గేటు దగ్గర టికెట్లు చింపేది నూర్‌బీ. మేమంతా ఖాలా అని పిలిచేవాళ్లం. మా దిక్కు ఆడవాళ్లు అప్పట్లో సినిమా చూసేవాళ్లు కాదు, సినిమాతో మాట్లాడేవాళ్లు. "ఓ పిల్లా, గా పాలు తాగకే, గాడు ఇసం గలిపిండు!" అని హీరోయిన్‌ను హెచ్చరించేవాళ్లు. అత్తగారు కోడల్ని కొడితే ఆ అత్త ఏడు తరాల మీదా దుమ్మెత్తిపోసేవాళ్లు. మరీ భయమేస్తే గేటు వైపు తిరిగి, "ఖాలా, గీ పిల్ల బతుకుతదా?" అని అడిగేవాళ్లు. మొదటి ఆటకే కథ అంతా చూసి ఉంచుకున్న ఖాలా అక్కడి నుంచే, "ఫికర్ జెయ్యకుండ్రమ్మా, ఆఖర్ల బతుకుతది" అని అరిచేది. అప్పుడు స్థిమితపడి మళ్లీ పల్లీలు వొలుచుకునేవాళ్లు. కథ ముందే తెలిస్తే ఆనందం పోతుందని ఇప్పటివాళ్లు అంటారు. మా వాళ్లకు అట్లాంటి పట్టింపు ఉండేది కాదు, పిల్ల బతికితే చాలు.

సాయవ్వ అత్తమ్మ బాపుకు ఒక్కగానొక్క అక్క. ఆమెను మంజీర ఒడ్డు ఊరికి ఇచ్చారు. ఆమె పెనిమిటి గంగారాం మామ కొంత వరి, కొంత చెరుకు పండించేవాడు. వాళ్లకు ఒక్కతే బిడ్డ, సవిత. వరసకు నాకు వదిన. మా దుకాణంలో ఎర్ర సైకిల్ మీద సైకిల్ నేర్చుకుంది, మోకాళ్లు పగలగొట్టుకొని. నాకు జడ వేస్తే నొసలు కూడా వెనక్కి లాగినట్టుండేది, అంత గట్టిగా వేసేది. ఊరు నుంచి వచ్చిందంటే మ్యాట్నీ చూడకుండా వెళ్లేది కాదు. లేడీస్ క్లాసులో అందరికంటే పెద్దగా ఏడ్చేది ఆమే, బయటికి రాగానే అందరికంటే ముందు మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడేదీ ఆమే. ముక్కు ఎర్రగా ఉండగానే నోరు మంట అని ఊదుకునేది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది.

నాట్ల కాలంలో మా దిక్కు బదులు పోవడం అని ఒకటి ఉంటుంది. మా పొలంలో నాటుకు నువ్వు వచ్చావంటే నీ పొలంలో నాటుకు మా ఇంటి నుంచి ఒక మనిషి రావాలి. అది మాట. ఇంట్లో ఎవరికి ఎట్లా ఉన్నా ఆ మాట తప్పరు. ఆ ఏడు నది అవతలి గడ్డ మీద ఒకరి పొలానికి అత్తమ్మ బదులు పోవలసి ఉంది. తెల్లారేసరికి ఆమెకు ఒళ్లు కాలిపోయే జ్వరం. "నువ్వు పండుకో అవ్వా, నేను పోత" అని సవిత వదిన చీర ఎగదోపుకొని వెళ్లింది. సాయంత్రం పుట్టి మీద, అదే ఆ గుండ్రటి బుట్ట పడవ మీద, తిరిగి వస్తుంటే, పైన ఎక్కడో కురిసిన వానకు నది ఒక్కసారి పెరిగింది. పుట్టి తిరగబడింది. కొందరు ఈది ఒడ్డు పట్టుకున్నారు. కొందరు తర్వాత దొరికారు, ప్రాణం లేకుండా. సవిత వదిన ఒక్కతే ఎట్లానూ దొరకలేదు. మామ, బాపు, ఊళ్లో ఈత వచ్చిన ప్రతి మగవాడూ ఒడ్డు ఒడ్డంతా వెతికారు. బాపు తిరిగి వచ్చిన రోజు ఆ నీళ్ల తొట్టి ముందు కూర్చుని, ఏ ట్యూబూ లేకుండానే, నీళ్లలోకి చాలాసేపు చూశాడు. అమ్మ పిలిచినా లేవలేదు.

అత్తమ్మ ఏడవలేదు. అదే మా ఇంటి కష్టమైంది. ఊళ్లో ఎవరింట చావైనా శోకం పెట్టడానికి పెద్ద బాలవ్వ వచ్చేది. శోకం అంటే ఊరికే ఏడవడం కాదు. పోయిన మనిషి ఏం తినేది, ఎట్లా నడిచేది, ఎవరికి ఏం చేసింది, అన్నీ రాగం తీసి చెప్పుకుంటూ ఏడవాలి. వింటున్నవాళ్ల గుండె కరగాలి. బాలవ్వ అట్లాగే వచ్చి అత్తమ్మ అరుగు మీద కూర్చుని గొంతు ఎత్తబోతే, అత్తమ్మ చీపురు పట్టుకొని బయటికి వచ్చింది. "నా ఇంట్ల ఎవలు సచ్చిన్రని ఏడ్వ వచ్చినవే? కండ్ల సూడంది నేనెట్ల ఏడుస్త? ఏడిస్తే నా బిడ్డను నేనే సంపినట్టు గాదా?" అన్నది. బాలవ్వ నోరు మూసుకొని లేచి వెళ్లిపోయింది. కర్మ చేద్దామని మామ ఒకటి రెండుసార్లు అడిగి, ఆమె చూపు చూసి ఊరుకున్నాడు. గోడ మీద వదిన ఫోటోకు దండ పడలేదు. గాజుల మనిషి ఊళ్లోకి వస్తే అత్తమ్మ తనకు కాకుండా వదిన చేతి కొలతకు గాజులు తీసుకునేది. ఎక్కడ అన్నానికి కూర్చున్నా ఒక రొట్టె బిడ్డకని పక్కన వేరే గిన్నెలో పెట్టి మూత పెట్టేది. మా ఇంటికి వచ్చినా అంతే. అమ్మ కూడా అలవాటు పడి, అత్తమ్మ వచ్చిందంటే ఒక రొట్టె ఎక్కువ కొట్టేది. ఆ రొట్టెను మర్నాడు ఎవరూ చూడకుండా గేదెకు వేసేది.

మా దిక్కు ఇంకో ఆచారం కూడా చెప్పాలి. ఇంట్లో మనిషి పోయి దినాలు అయిపోయాక, ఆ ఇంటి ఆడమనిషిని తల్లిగారివాళ్లు వచ్చి తీసుకుపోతారు. కొత్త చీర పెట్టి, కడుపు నిండా అన్నం పెట్టి, ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెట్టి పంపిస్తారు. నిద్రకు తీసుకుపోవడం అంటారు. ఎంత బీద తల్లిగారైనా ఇది మానరు. అక్క దుఃఖంలో ఉంటే తమ్ముడికి ఉన్న హక్కు అదొక్కటే. బాపు ఆ హక్కు కోసం కాచుకొని కూర్చున్నాడు. అమ్మ ఆకుపచ్చ అంచు చీర ఒకటి కొని, నాఫ్తలీన్ ఉండలు వేసి ట్రంకు పెట్టె అడుగున పెట్టింది. చావు ఒప్పుకోని ఇంటికి నిద్ర ఎట్లా అడుగుతారు? ఏళ్లు గడిచాయి. అమ్మ ఏటా ఒకసారి ఆ చీర ఎండలో వేసి, మడత మార్చి మళ్లీ పెట్టేది. బాపు చూసి చూడనట్టు వెళ్లిపోయేవాడు.

ఆ మధ్యలో ఒకసారి జీపు వేసుకొని ఒకాయన అత్తమ్మ ఊరికి వచ్చాడట. నల్ల కళ్లద్దాలు, మెడలో సంచి. సినిమా తీసేవాళ్ల మనిషినన్నాడు. మజ్జిగ తాగి, పుట్టి సంగతి అందరినీ అడిగాడు. అత్తమ్మ అన్నీ చెప్పింది, జ్వరం సంగతి, బదులు సంగతి, చీర ఎగదోపుకొని వెళ్లడం. ఎవరైనా సినిమాలో చూసి పిల్ల ఫలానా చోట ఉందని చెబుతారేమోనని ఆమె ఆశ. పోతూ పోతూ ఆయన ఫోటో అడిగితే మాత్రం ఇవ్వలేదు. "ఫోటోలు సచ్చినోల్లయి అడుగుతరు. నా బిడ్డ వస్తే బిడ్డనే సూపిస్త తియ్యి" అన్నదట.

నేను కాలేజీలో చేరిన ఏడు ఆ సినిమా వచ్చింది. రిక్షాకు మైకు కట్టి, "మన మంజీర! మన కన్నీళ్లు! నిజంగ జరిగిన కథ!" అని ఊరంతా తిప్పారు. మొదటి రోజే చూసి వచ్చిన వాళ్లు బాపు దుకాణం ముందు ఆగి, ఏదో చెప్పబోయి చెప్పకుండా పోయారు. మర్నాడు అత్తమ్మ ఊరి నుంచి రెండు ట్రాక్టర్ల జనం దిగింది. మొదటి ట్రాక్టర్‌లో ముందే అత్తమ్మ కూర్చుని ఉంది. బాపు చేతిలో రెంచితోనే రోడ్డు దాటి పరుగెత్తాడు.

"అక్కా, నువ్వెందుకొచ్చినవే? ఇంట్ల గూసో. గది సూసేది గాదు."

"నా బిడ్డ కథ నేను సూడొద్దా తమ్మీ? ఎట్ల దీసిన్రో సూస్త. ఎవలన్న సూసి జాడ జెప్పొచ్చు."

బాపు మామ ముఖం చూశాడు. మామ తల దించుకున్నాడు. ఇగ ఆపేది లేదని తెలిసి, బాపు నన్ను అత్తమ్మ వెంట పంపించాడు. గేటు దగ్గర అత్తమ్మ ఆగి, అందరూ అడిగేదే తనూ అడిగింది. "ఖాలా, పిల్ల దొరుకుతదా?" ముందు రోజు సినిమా చూసిన ఖాలా మొదటిసారి జవాబు చెప్పలేదు. టికెట్ చింపకుండా అట్లాగే చేతిలో పెట్టి, "మెట్టున్నదమ్మా, జర జూసి దిగుండ్రి" అన్నది.

బొమ్మ మొదలైంది. మొదట అందరికీ నవ్వొచ్చింది. తెర మీద మా మంజీర ఒడ్డు మనుషులు అండీ, ఆయ్ అంటూ మాట్లాడుతున్నారు. "ఓ బాలవ్వా, నువ్వు గిట్ల ఎప్పుడు మాట్లాడినవే?" అని ఎవరో అంటే లేడీస్ క్లాసంతా ఘొల్లుమన్నది. తర్వాత తల్లి పాత్ర వచ్చింది, తెల్ల చీరలో, బొట్టు లేకుండా. తండ్రి లేని పిల్ల అని ఎవరో అన్నారు తెర మీద. గోడ అవతల బెంచి వైపు నుంచి ఒక గొంతు లేచింది: "ఓ గంగారాం! నువ్వు సచ్చినవంటనే! మల్ల గిక్కడ గూసున్నదెవలు?" మగవాళ్లంతా పగలబడి నవ్వారు. "టికెట్ పైసలు వాపస్ ఇయ్యమను" అని మామ కూడా నవ్వాడు. ఇటువైపు అత్తమ్మ నవ్వలేదు. కొంగు కింద పుస్తెలు పిడికిట్లో పట్టుకొని కూర్చున్నది.

ఇంటర్వెల్ ముందు అసలు సంగతి బయటపడింది. సినిమాలో పిల్ల నది దాటేది నాట్లకు కాదు, అవతల ఊళ్లో ఒక పిలగాని కోసం. తల్లికి తెలియకుండా, పూలు పెట్టుకొని, పాట పాడుతూ పుట్టి ఎక్కుతుంది. లేడీస్ క్లాసు భగ్గుమన్నది. "నీ నోట్ల మన్ను వడ! మా పిల్ల గసొంటిదా?" "మజ్జిగ దాగిపోయినవ్ గదరా, గిదేనా నువ్వు రాసుకున్నది?" ఎవరో పల్లీల పొట్టు తెర మీదికి విసిరారు. నాకైతే ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ మండుతుంది. జరిగిన కథ అని మైకులో చెప్పి, జరిగినదానిలో మంచిదొక్కటి తీసేసి, దాని జాగాలో తమకు అలవాటైనది పెట్టుకున్నారు. తల్లికి జ్వరమొస్తే బిడ్డ బదులు పోవడంలో వాళ్లకు కథ కనబడలేదు. అత్తమ్మ మాత్రం సోడా తెచ్చి ఇస్తే తాగలేదు. ఆమె చూపు తెర విడవలేదు, బొమ్మ లేనప్పుడు కూడా.

తర్వాత నది వచ్చింది, పుట్టి తిరగబడింది. మాటలు ఆగిపోయాయి. వెతకడం, దివిటీలు, తల్లి ఒడ్డున అటూ ఇటూ పరుగెత్తడం. చివరికి జాలర్లు ఏదో మోసుకొచ్చి తల్లి ముందు దించారు. తల్లి కూలబడి, తడిసిన పిల్లను ఒళ్లోకి తీసుకొని, ముఖం మీది వెంట్రుకలు తీసింది. సరిగ్గా అక్కడ రీలు అయిపోయింది. మా టాకీసులో ఉన్నది ఒక్కటే మిషను. రీలు మార్చాలంటే బొమ్మ ఆగాలి, గోడకున్న బల్బు వెలగాలి. మామూలుగా ఆ సందులో ఈలలు, కేకలు. ఆ రోజు చప్పుడు లేదు. తెల్లటి తెర, పసుపు బల్బు, కింద రెండు ట్రాక్టర్ల మనుషులు.

అప్పుడు వెనక నుంచి పెద్ద బాలవ్వ గొంతు ఎత్తింది. ఇన్నేళ్లు గొంతులో ఆపుకున్న శోకం.

"నా బిడ్డో సవితా... అవ్వకు జరమని లేచినవా బిడ్డో... పిలగాని కోసం పోలే బిడ్డో, బదులు దీర్చ పోయినవ్ బిడ్డో... ఇచ్చిన మాట నిలవెట్ట పోయినవ్ బిడ్డో... సైకిలెక్కిన కాళ్లు గివ్వి బిడ్డో... బజ్జీలు దిని నోరు మంటంటివి బిడ్డో, నోట్ల నీళ్లు నిండెనా బిడ్డో..."

ఒక్కొక్కరే అందుకున్నారు. ఆమె ఒక మాట అంటే మిగతావాళ్లు "బిడ్డో" అని అందుకోవడం, మా ఊళ్లలో నిజంగా పీనుగ ముందు ఎట్లా చేస్తారో అట్లాగే. సినిమా చెప్పిన అబద్ధాన్ని ఒక్కొక్కటే తీసేసి, నిజాన్ని ఒక్కొక్కటే పెట్టింది బాలవ్వ. అత్తమ్మ ఈసారి చీపురు పట్టుకోలేదు. చెప్పులు విడిచి, బెంచి మీది నుంచి నేల మీదికి జారి, కాళ్లు చాపుకొని కూర్చున్నది. రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకున్నది. తర్వాత ఆమె నోట్లోంచి వచ్చిన కేక నేను రాయలేను. అది విని గోడ అవతల మామ లేచి నిలబడ్డాడు. ఆ గోడ దాటి ఇటు ఏ మగవాడూ వచ్చింది లేదు, వస్తే ఖాలా చెప్పు తీసేది. మామ గోడ మీద కాలు వేసి దిగి వచ్చి అత్తమ్మ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఖాలా పక్కకు జరిగి, కొంగు తల మీదికి లాక్కొని, గోడకు ఆనుకొని ఏడ్చింది.

రీలు ఎక్కించడానికి ఎంతసేపు పడుతుందో మా అందరికీ తెలుసు. ఆ రోజు ఆపరేటరు బొమ్మ వేయలేదు. పైన చిన్న కంతలోంచి అతని ముఖం కనిపించింది. శోకం ఆగిందాకా అట్లాగే నిలబడ్డాడు. ఎవరూ "బొమ్మ ఎయ్యిరా" అని అరవలేదు. చివరికి బాలవ్వే ముక్కు చీది, "ఇగ లేవుండ్రి, పొద్దు వోతున్నది" అన్నది. అప్పుడు వెలిగింది తెర. కడపటి రీలులో నదికి వంతెన కట్టారట, దానికి పిల్ల పేరు పెట్టారట, బడి పిల్లలు దాని మీద నడుస్తూ పాడారట. చూసిన పట్నం వాళ్లు కళ్లు తుడుచుకొని చల్లగా బయటికి వచ్చేవాళ్లట. మా వాళ్లు ఒక్కరూ అది చూడలేదు. చావు నుంచి లేచినట్టు లేచారు, అంతే.

బయట మా బాపు నిలబడి ఉన్నాడు. శోకం రోడ్డు దాటి దుకాణం దాకా వినిపించింది. చావుకు వెళ్లి వచ్చిన మనిషి నీళ్లు పోసుకోనిదే ఇల్లు తొక్కకూడదు. ఎవరూ ఏమీ అనుకోకుండానే ఆడవాళ్లంతా ఆగిపోయారు. సినిమా చూసి వచ్చి స్నానమేమిటని ఒక్కరికీ తోచలేదు. బాపు తొట్టిలో నల్లటి నీళ్లు పారబోసి, చేదబావి నుంచి కొత్త నీళ్లు తెచ్చి నింపాడు. ఖాలా టాకీసు లోపలి నుంచి రెండు బకెట్లు మోసుకొచ్చింది. ఒకరి తర్వాత ఒకరు కాళ్లు కడుక్కొని, ముఖం కడుక్కొని, నెత్తిన ఇన్ని నీళ్లు చల్లుకొని ట్రాక్టర్ ఎక్కారు. పోతూ ఎవరూ "పోయొస్త" అనలేదు. చావింటి దగ్గర ఆ మాట అనరు.

అత్తమ్మ ట్రాక్టర్ ఎక్కలేదు. తలంటుకున్నట్టు నిండా నీళ్లు పోసుకొని, కారే కొంగుతో బాపు ముందుకు వచ్చి నిలబడింది.

"తమ్మీ, ఇయ్యాల మీ ఇంట్ల నిద్ర జేస్త. తోల్కపో."

బాపు చేతిలోని చేద కింద పెట్టాడు. పట్టపగలు దుకాణం తలుపులు మూశాడు. నాకు ఊహ తెలిశాక పొద్దు ఉండగా ఆ తలుపులు మూసింది అదొక్కసారే.

కొన్నేళ్లకు వంతెన నిజంగానే వచ్చింది. పెళ్లికి వెళ్లినప్పుడు దాని మీద ఆటోలో దాటాను. ఎవరి పేరూ లేదు దానికి. బాపు, మామ, బాలవ్వ, ఖాలా అందరూ వెళ్లిపోయారు. అత్తమ్మ పోయినప్పుడు ఐసు పెట్టె కిరాయికి తెచ్చి అద్దాల కింద పడుకోబెట్టారు. మైకులో భజన పెట్టారు. చుట్టూ అందరం ముక్కు తుడుచుకుంటూ కుర్చీల్లో కూర్చున్నాం. శోకం పెట్టేవాళ్లు ఒక్కరూ లేరు. నాకు మాటలన్నీ నోటి దాకా వచ్చాయి, రాగం రాలేదు. ఇంతింత పుస్తకాలు రాసి, కన్న బిడ్డలా చూసిన అత్తమ్మకు నాలుగు మాటలు ఏడవడం చేతకాకపోయింది. అందుకే ఆ ఫోన్ పిల్లను చూస్తే నాకు కోపం రాలేదు, జాలి వేసింది. ఆమె కన్నీళ్లు అబద్ధం కావు. పాపం ఒక్కతే ఏడ్చింది, కడుక్కోవడానికి ఆమెకు ఎవరూ నీళ్లు పెట్టలేదు.

ఆ సాయంత్రం సంగతి చెప్పి ఆపుతాను. అమ్మ ట్రంకు పెట్టె అడుగు నుంచి ఆకుపచ్చ అంచు చీర తీసింది. ఇల్లంతా నాఫ్తలీన్ వాసన. మడతల దగ్గర గీతలు పడి ఉన్నాయి, అయినా చీర కొత్తదే. అత్తమ్మ అది కట్టుకొని వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నది. దీపాలు పెట్టే వేళ. అమ్మ రొట్టెలు కొట్టింది. చేయి తిరిగిన అలవాటున ఒక రొట్టె ఎక్కువే కొట్టి, వేరే గిన్నెలో పెట్టి మూత పెట్టింది. బాపు అక్క పక్కనే కూర్చుని, రబ్బరు వాసన వేసే ఆ చేత్తో రొట్టె తుంచి ఆమె నోటికి అందించాడు. ఆమె రెండు ముద్దలు తిన్నది. తర్వాత తన చేతుల వైపు చూసుకుంటూ అన్నది.

"గా సినిమాల అవ్వ ఒళ్లె పిల్లను పండవెట్టుకున్నది సూడు తమ్మీ, గప్పుడు నా ఒడి బరువైంది రా. ఇన్నొద్దుల సంది ఉత్తగున్నది. దొరికింది పో. ఎవలకో ఒకలకు దొరికింది."

అని చెయ్యి చాచి, పక్కన గిన్నె మీది మూత తీసింది. అందులో ఉన్న రొట్టె తీసి తన పళ్లెంలో వేసుకొని, తుంచుకొని తిన్నది.